ఇరవై అంటే పది

మార్చి 4, సోమవారం

కంప్రెసర్లు అమ్మేవాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. రెండు నెలలుగా సొరుగులో పడి ఉంది. ఈ రోజు నుంచి రాద్దామని తీశాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి నా గొప్పలు నేనే రాసుకోవచ్చు.

ఉదయం సార్ తన గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. మందుల కంపెనీకి శీతల గదులు నాలుగు కట్టే పని మనకే వచ్చిందట. ఏప్రిల్ 30 లోపల వాళ్ల చేతికి ఇవ్వాలి. "ఇది గడువులో అయ్యేలా చూడమ్మా. కొత్త బ్రాంచి నీ చేతిలో పెడతాను," అన్నారు. ఈ సంస్థలో చేరి పద్దెనిమిదేళ్లు. నా వెనక చేరిన మగవాళ్లు ఇద్దరు బ్రాంచీలకు పెద్దలైపోయారు. ఈసారి నాది నాకు రావాలి.

పదకొండింటికి అందరినీ బోర్డు ముందు కూర్చోబెట్టాను. నా పద్ధతి తెలిసిందే. ఎవరి పనికి ఎన్ని రోజులు కావాలో వాళ్లు చెప్తారు. నేను దాన్ని కొట్టేసి సగం రాస్తాను. పక్కన వాళ్లు సంతకం పెడతారు. రోజులు అడిగేటప్పుడు ఎవరైనా టీ, కబుర్లు, బద్ధకం అన్నీ కలిపే అడుగుతారు. ఆ తాలు నేను చెరిగి పారేస్తాను. పదకొండేళ్లలో నా పని ఒక్కటీ గడువు దాటలేదంటే ఊరికే కాదు.

నక్షాలు గీసే మాస్టారు పదహారు అన్నారు. ఎనిమిది రాశాను. గోడ పలకలూ తలుపులూ బిగించే మేస్త్రీ ముప్పై ఆరన్నాడు. పద్దెనిమిది. నడుముకు టేపు లేకుండా వాణ్ణి ఎవరూ చూడలేదు, అందుకే అందరికీ వాడు టేపు. నాకు మాత్రం తమ్ముడి లెక్క. ఎలక్ట్రీషియన్ ఇరవై అన్నాడు, పది రాస్తే ముఖం మాడ్చుకున్నాడు. వాడికి కోపం ఎక్కువ, పేరు ఫ్యూజు.

చివర కొత్తమ్మాయి. చేరి మూడు వారాలు. గది కట్టాక చల్లదనం నిలుస్తుందో లేదో పరీక్షించడం ఆ పిల్ల పని. చేరిన రోజే థర్మామీటర్ అని పేరు పెట్టేశాను. ముసిముసిగా నవ్వింది, పరవాలేదు, హాస్యం తెలిసిన పిల్లే. "ఇరవై రోజులు మేడమ్," అంది. పది రాశాను. లేచి నిలబడింది.

"మొదటి పది రోజులు ఖాళీ గది చూడాలి మేడమ్. తర్వాత పది రోజులు సరుకు పెట్టి, తలుపు రోజుకి అరవై సార్లు తీసి మూస్తూ చూడాలి. అది తగ్గదు."

"తలుపు తీసి మూయడానికి ఇంజనీరింగ్ చదవాలా అమ్మా?" అన్నాను.

అందరూ నవ్వారు. టేపు నవ్వలేదు. పంటి నొప్పి ఉందన్నాడు పొద్దున. ఆ పిల్ల వచ్చి సంతకం పెట్టింది.

మార్చి 5, మంగళవారం

అత్తగారు చూశారు. "డైరీయా? నా గురించి రాసేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి తల్లీ, కళ్లజోడు లేకుండా చదువుకుంటాను," అన్నారు. ఈ డైరీ ఇకనుంచి ఆఫీసు సంచిలోనే.

మార్చి 16, శనివారం

ఆడపడుచు ఇంటికి ప్రయాణం. బండి ఐదింటికి అని ఈయన చెప్పారు. సగం పని వదిలేసి పరుగెత్తుకుంటూ స్టేషనుకి వెళితే బండి ఆరింటికట. "టైము మార్చారేమో," అని పేపరు తెరిచారు. అత్తగారు బెంచీ మీద కూర్చుని హాయిగా కాళ్లూపుకుంటున్నారు. ఒక గంట వృథా. గంట అంటే ఏమిటో వీళ్లకేం తెలుసు.

ఏప్రిల్ 1, సోమవారం

మందుల గోదాముకి వెళ్లాను. నాలుగు గదులకూ పలకలు లేచాయి, తలుపులు బిగించారు. టేపు, వాడి మనుషులు అట్టపెట్టెలు పరచుకుని కూర్చుని ఉన్నారు. ఒకడు నిద్ర కూడా పోతున్నాడు.

"ఏం తమ్ముడూ, అయిపోయిందా?"

"ఇంకా సర్దుబాట్లున్నాయక్కా. మూడో తారీఖుకి అప్పజెప్తాను," అన్నాడు, లేచి టేపు లాగి ఏదో కొలుస్తూ. మూడో తారీఖే వాడి గడువు. ఒక్క రోజు ముందూ కాదు, వెనకా కాదు. వీడిలాంటివాళ్లు నలుగురుంటే నేను దేశాలు కట్టగలను.

ఏప్రిల్ 12, శుక్రవారం

సార్‌తో ఫోనులో ఉండగా థర్మామీటర్ ఒక కాగితం పట్టుకుని వచ్చి నిలబడింది. పది రోజులు చాలవట, మళ్లీ అదే పాట. అవతల సార్ కొత్త బ్రాంచిలో కిటికీలు ఎటువైపు ఉండాలో అడుగుతున్నారు. 'చూశాను' అని రాసి, పొట్టి సంతకం ఒకటి పడేసి పంపించాను. ఈ కాలం పిల్లలకి పని కంటే కాగితాల మీద మోజు ఎక్కువ. బేరం కుదరకపోతే రాతపూర్వకంగా బేరం ఆడతారు.

ఏప్రిల్ 26, శుక్రవారం

పది రోజులూ అయ్యాయి. నాలుగు గదుల్లోనూ చల్లదనం అంకె ఇంత కూడా కదల్లేదు. "చూశావా?" అన్నాను ఆ పిల్లతో. "ఖాళీ గదిలో కదలదు మేడమ్," అంది. మొండిఘటం.

ఏప్రిల్ 29, సోమవారం

గదులు వాళ్లకి అప్పజెప్పాం. గడువుకి ఒక రోజు ముందు. సార్ కేకు తెప్పించారు. నేనే కోశాను, మొదటి ముక్క టేపుకి పెట్టాను. "పదకొండేళ్లుగా నా కుడి చెయ్యి," అని అందరి ముందూ చెప్పాను. వాడు కళ్లు దించుకున్నాడు. పొగిడితే సిగ్గుపడతాడు.

కొత్త బ్రాంచి ఉత్తరం తయారవుతోందట. ఇంట్లో ఇంకా చెప్పలేదు, చేతికొచ్చాక చెప్తాను.

ఏప్రిల్ 30, మంగళవారం

గడువు రోజు. చేయడానికి పనేమీ లేదు. సంతోషంగా ఉంది.

మే 14, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి మందుల గోదాము నుంచి ఫోను. రెండో గదిలో వెనక మూల సరుకు వేడెక్కిందట. తలుపు దగ్గర అంకె బాగానే చూపిస్తోందట. వెళ్తున్నాను.

మే 15, బుధవారం

నిన్న రాసే ఓపిక లేదు.

రెండో గదిలో ఫ్యాను వెనక మూత విప్పించాను. లోపల చల్లబరిచే గొట్టాల మీద మంచు మందంగా పేరుకుపోయి ఉంది. గాలి దూరే సందు లేదు. ఫ్యాను తిరుగుతోంది, చల్లదనం వెనక మూలకి పోవడం లేదు. ఇంత మంచుకి తడి ఎక్కడినుంచి వచ్చిందని వెతికాం. తలుపు కింది మూల రబ్బరు సరిగ్గా ఆనడం లేదు. మూసిన తలుపు కిందనుంచి కాగితం పెడితే అవతలికి వెళ్లిపోయింది. రోజంతా తలుపు తీస్తూ మూస్తూ ఉంటే ఆ సందు ఇంకాస్త పెద్దదయింది. పదిహేను రోజుల్లో ఇంత మంచు.

సరుకు పెట్టి, రోజుకి అరవై సార్లు తలుపు తీసి మూస్తే ఇది మొదటి వారం దాటగానే బయటపడేది. ఈ మాట థర్మామీటర్ అనలేదు. నోరు మెదపకుండా ఆ మూల దగ్గర కూర్చుని కొలతలు రాసుకుంది. అనకపోవడమే నా ఒళ్లు మండించింది.

గోదాము గుమస్తా పెద్దమనిషి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తొమ్మిది వందల పెట్టెల మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తూ, "ఇవి ఇంజెక్షన్లమ్మా. మళ్లీ తెప్పించడానికి మూడు వారాలు. ఈలోపు ఎవరికి ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు," అన్నాడు. స్టిక్కర్లు అయిపోతే ఇంకో కట్ట విప్పాడు.

మే 16, గురువారం

సార్ గది. మళ్లీ తలుపు వేయమన్నారు.

"ఎక్కడ తప్పింది, ఎవరి వల్ల తప్పింది, సోమవారానికి రాసివ్వు. మందుల కంపెనీకి ఒక జవాబు చెప్పాలి నేను. బ్రాంచి ఉత్తరం సంతకమై నా సొరుగులోనే ఉంది. నీ రిపోర్టు చూశాక ఇస్తాను."

పరీక్ష సరిగ్గా జరగలేదు. అంతే కదా జరిగింది. పరీక్ష చేసింది ఎవరో అందరికీ తెలుసు. ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామని రాసిచ్చారు ఆ పిల్లకి. ఈలోగా రిమార్కు పడితే ఇంటికి పంపించేస్తారు. అది నా చేతిలో లేదు, సంస్థ నియమం.

మే 17, శుక్రవారం

ఇది ఉన్నదున్నట్టు రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మధ్యాహ్నం టేపుని టీకి తీసుకెళ్లాను. తలుపు బిగించింది వాడే. అయినా ఆ ఊసు ఎత్తలేదు, తమ్ముడు కదా. రిపోర్టులో పరీక్ష దగ్గరే తప్పు జరిగిందని రాస్తున్నానని చెప్పాను.

"ఆ పిల్ల పేరు రాస్తున్నారా?"

"మరి ఎవరి పేరు రాయాలి? ఇరవై అంది, పది ఇచ్చాను. నిజంగా ఇరవై కావాలంటే నలభై అడగాల్సింది. లోకజ్ఞానం ఉండక్కర్లేదా?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు, నోటికి వచ్చింది.

టేపు గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు బల్ల మీద తడి చుక్కని వేలితో అటూ ఇటూ లాగాడు.

"అదే అక్కా. ఆ పిల్లకి మేమెవరమూ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"మీరు సగం చేస్తారని. మేమందరం రెండింతలు చెప్తాం కదా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"నాకు పద్నాలుగు రోజులు చాలక్కా. ముప్పై ఆరు చెప్పాను. మీరు పద్దెనిమిది ఇచ్చారు. నాలుగు రోజులు కూర్చున్నాం. మీరొచ్చి చూశారు కూడా. మాస్టారికి ఐదు చాలు, ఎనిమిది దొరికాయి. ఫ్యూజుకి ఏడు చాలు, పది దొరికాయి."

"అయిపోయాక అప్పజెప్పేయొచ్చు కదా?"

"ముందే అయిపోయిందంటే మరుసటిసారి మీరు మూడో వంతు చేస్తారక్కా. మొదట్లో ఒకసారి చేశారు. అప్పట్నుంచి ఎవరూ ముందు అప్పజెప్పరు."

మూడు, నాలుగు, మూడు. పది. ఆ పిల్ల అడిగిన పది రోజులు వీళ్ల జేబుల్లో ఉన్నాయి. అట్టపెట్టెల మీద పడుకుని నిద్రపోయిన పది రోజులు.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"ఎన్నాళ్లేమిటక్కా. మొదట్నుంచీ."

పదకొండేళ్లు. పదకొండేళ్లు బోర్డు ముందు నిలబడి వీళ్ల తాలు చెరుగుతున్నాననుకున్నాను. వీళ్లు నా చెవిలో పువ్వు పెట్టి, దాని వాసన చూసి వంతులవారీగా నవ్వుకున్నారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు. వీడి కూతురికి జ్వరం వస్తే ఆస్పత్రిలో రెండు రోజులు కూర్చున్నాను నేను. వీడికి కేకు మొదటి ముక్క పెట్టాను. వీడు కళ్లు దించుకున్నది సిగ్గుతో కాదు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత.

మే 18, శనివారం

తెల్లవారి కాఫీ దగ్గర ఈయనకి మొత్తం చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన వాళ్లమ్మ వైపు చూశారు, ఆవిడ కొడుకు వైపు చూశారు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ కాఫీ తాగుతున్నారు.

"ఏమిటి?" అన్నాను.

"ఏం లేదు," అన్నారు ఈయన.

అత్తగారికి అబద్ధం ఎక్కువసేపు నోట్లో నిలవదు. "బండి ఆరింటికైతే నీకు ఐదింటికని చెప్తాం తల్లీ. ఎంత టైము కావాలన్నా నువ్వు దాన్నుంచి కొంత కోసేసి ఆలస్యంగా బయల్దేరతావు. అందుకని మేం ముందే కొంత కలుపుతాం. డాక్టరు దగ్గరికైనా అంతే. ఇరవై ఏళ్లయింది, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను," అన్నారు.

"మీరూనా?" అన్నాను ఈయనతో.

"గొడవెందుకని," అన్నారు. "నిజం చెప్తే బండి తప్పిపోతుంది కదా."

నా దగ్గర నిజం అంకె చెప్పినవాళ్లు ఇంటా బయటా ఒక్కరూ లేరు. గోడ మీద గడియారం తప్ప. దాన్నీ ఈయన పావుగంట ముందుకి జరిపి ఉంటారు, ఎవరికి తెలుసు. అందరూ ఒకటై, నేనొక్కదాన్నీ ఒకటి. కట్టుకున్నవాడు కూడా. లేచి స్నానం చేసి ఆఫీసుకి వెళ్లిపోయాను.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేరు. పరీక్షల ఫైలు చూశాను. కొలతలన్నీ వరసగా, శుభ్రంగా రాసి ఉన్నాయి. ఏప్రిల్ 12 నాటి కాగితం కూడా ఉంది. సరిగ్గా గుచ్చలేదు, పట్టుకోగానే ఊడి వచ్చింది. ఫైలు మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మే 20, సోమవారం

రిపోర్టు ఇచ్చాను. ఒకటిన్నర పేజీ. 'పరీక్షను పూర్తి స్థాయిలో నిర్వహించకుండానే గదులు సిద్ధమని పరీక్షాధికారి ధ్రువీకరించారు.' ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎవరైనా ప్రతి పదం సరిచూసుకోవచ్చు.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. "మేడమ్, నేను మీకిచ్చిన కాగితం ఫైల్లో లేదు. మీరు 'చూశాను' అని రాసిచ్చింది. మీ దగ్గరేమైనా ఉందా?"

"నా దగ్గరెందుకుంటుంది?" అన్నాను.

"వెతుకుతాను మేడమ్," అంది. ఆరున్నర దాకా బీరువాలన్నీ తీసి వెతుకుతూనే ఉంది. నేను ఆరింటికే వచ్చేయాల్సింది.

మే 21, మంగళవారం

రిపోర్టు బాగుందన్నారు సార్.

మే 22, బుధవారం

థర్మామీటర్‌కి నోటీసు ఇచ్చారు. నెలాఖరు దాకా స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టే పని, తర్వాత సెలవు. స్టోర్సు మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను ఆ దారిన వెళ్లను, నాకక్కడ పనుండదు.

బోర్డు ముందు మార్చి నాలుగున ఎంతమంది ఉన్నారు? మాస్టారు, టేపు, ఫ్యూజు, ఇంకో ఆరుగురు. ఇరవై అనడం అందరూ విన్నారు. నేను కొట్టేయడం అందరూ చూశారు. ఒక్కరూ సార్ దగ్గరికి వెళ్లలేదు. వెళితే వాళ్ల రెండింతలు బయటపడుతుంది. ఎంత పిరికివాళ్లు. నా చుట్టూ ఇలాంటివాళ్లే పోగయ్యారు.

మే 23, గురువారం

కాగితాలన్నాక పోతుంటాయి.

మే 24, శుక్రవారం

టేపు గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమనలేదు. వాడితో వారం నుంచి మాటల్లేవు.

"ఆ తలుపు నేను బిగించిందక్కా," అన్నాడు. "రబ్బరు మూల సరిగ్గా కూర్చోలేదని నాకు అనుమానంగానే ఉండింది. పరీక్షలో తెలిసిపోతుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు ఖాళీగా కూర్చుని కూడా దాన్ని మళ్లీ విప్పి చూడలేదు."

"ఇప్పుడు నాకెందుకు చెప్తున్నావు?"

"మీరు సార్‌కి చెప్తారని."

"నీ తప్పు నీ నోటితో చెప్పుకో. నన్నెందుకు మధ్యలో పెడతావు?"

"అలాగే అక్కా," అని వెళ్లిపోయాడు. చెప్పడు. వీడి సంగతి నాకు తెలీదా, పదకొండేళ్లుగా చూస్తున్నాను.

మే 27, సోమవారం

చెప్పాడు.

నాకు ఒక మాట కూడా చెప్పకుండా పొద్దున తొమ్మిదింటికే సార్ గదిలోకి వెళ్లాడట. తలుపు సంగతి, రెండింతల సంగతి, బోర్డు ముందు ఆ పిల్ల ఇరవై అనడం, నేను పది రాయడం, అన్నీ. మాస్టారినీ ఫ్యూజునీ కూడా వెంట తీసుకెళ్లాడట. అక్కా అక్కా అంటూనే వెన్నుపోటు పొడిచాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం.

సార్ రేపు పదింటికి రమ్మన్నారు. ఒక్కదాన్నే.

ఇంకా ఒక దారి ఉంది. బోర్డు చెరిపేసి రెండున్నర నెలలైంది. రాతమూలకంగా ఎక్కడా ఏమీ లేదు. వాళ్లు ముగ్గురూ అబద్ధాలకోరులని వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు. ఇరవై అన్నట్టు నాకు గుర్తు లేదంటే చాలు. ఉత్తరం సొరుగులోనే ఉంది.

గుర్తు లేదంటే చాలు.

మే 28, మంగళవారం

సార్ ఒకే ప్రశ్న అడిగారు. "ఆ అమ్మాయి ఇరవై రోజులు కావాలందా?"

గుర్తు లేదు అనడానికే నోరు తెరిచాను. దారిలో నాలుగుసార్లు అనుకుని మరీ వెళ్లాను. సంచి ఒళ్లో ఉంది, డైరీ సంచిలో ఉంది, కాగితం డైరీలో ఉంది. పద్దెనిమిదో తారీఖు శనివారం నుంచీ ఇక్కడే ఉంది, ఈ పేజీల మధ్యే. రోజూ పక్కకి జరిపి రాస్తూ వచ్చాను. అది ఇక్కడ ఉందని ఈ డైరీకి కూడా చెప్పలేదు నేను. నన్నెవరూ చూడని చోట కూడా అంకె మార్చే రాశాను.

వీళ్లందరూ నన్ను పదకొండేళ్లు మోసం చేశారని ఏడ్చాను కదా. వాళ్లు అబద్ధం చెప్పింది నేను సగానికి కొట్టేస్తానని భయపడి. నేను ఆ పిల్లకి చేసింది బ్రాంచి కోసం. ఈ రెండూ ఒకటి కావు. అది అక్కడే, ఆ కుర్చీలో కూర్చునే తెలిసింది. సిగ్గేసింది.

కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "ఇరవై అంది సార్. నేనే పది రాశాను. ఇది ఫైల్లోంచి తీసింది కూడా నేనే."

సార్ దాన్ని రెండుసార్లు చదివారు. 'చూశాను' దగ్గర వేలు పెట్టి ఆపారు. "చూశావా?" అన్నారు.

"లేదు సార్. చదవలేదు."

కాగితం మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "నీ కుర్చీ నీకుంటుంది, ఆ పని తెలిసినవాళ్లు నాకు వేరే లేరు. బ్రాంచి సంగతి మర్చిపో. ఆ అమ్మాయి నోటీసు రద్దు చేసిన ఉత్తరం నువ్వే తీసుకెళ్లి ఇవ్వు," అన్నారు.

స్టోర్సు మెట్ల కిందికి వెళ్లాను. ఆ పిల్ల బోల్టులు సైజుల వారీగా డబ్బాల్లో వేస్తోంది. నోటీసు రద్దయిన ఉత్తరం చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. కాగితం సంగతి కూడా. చేతులు తుడుచుకుని విన్నది.

"అందరూ రెండింతలు చెప్తారని మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలీదు."

"మరి నేనూ ఎక్కువ చేసి చెప్పాననుకున్నారా?"

"అవును."

"నేను చెప్పలేదు మేడమ్," అంది. అంతే. కోపంగా కూడా అనలేదు. క్షమించమని అడిగాను. "సరే మేడమ్," అని మిగిలిన బోల్టులు డబ్బాలో వేసి మూత పెట్టింది.

మే 30, గురువారం

ఇంట్లో బ్రాంచి గురించి చెప్పాను. వచ్చిందనీ, పోయిందనీ, కిటికీల ముచ్చటతో సహా ఒకేసారి. ఈయన చాలాసేపు నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నారు. అత్తగారు, "పోనీలే తల్లీ, అక్కడ కిటికీలు పడమరవైపట, ఎండ," అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

జూన్ 3, సోమవారం

టేపుతో మాట్లాడాను. రెండో గది తలుపు విప్పి మళ్లీ బిగించాడట, మూలలన్నీ చూసుకున్నాడట. "ఎన్ని రోజులు పట్టింది?" అని అలవాటుగా అడిగాను. "ఒకటిన్నర," అన్నాడు, ఆగి, "నిజంగా ఒకటిన్నర అక్కా," అన్నాడు.

వాడి మీద కోపం పూర్తిగా పోలేదు. నా మీద కోపం అసలే పోలేదు.

జూన్ 10, సోమవారం

మందుల కంపెనీ పని మనకే ఉంచింది. ఇంకో రెండు గదులు, ఇంకో ఊళ్లో. ఇవి గడువులో ఇవ్వడం కంటే గట్టిగా ఇవ్వాలని సార్ అన్నారు. గోదాము గుమస్తా కొత్త సరుకు కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడట.

పదకొండింటికి బోర్డు ముందు అందరం. కొత్త పద్ధతి చెప్పాను. "నిజంగా ఎన్ని రోజులు కావాలో అంతే చెప్పండి. నేను ఒక్క రోజు కూడా కొట్టను. ముందే అయిపోతే ముందే అప్పజెప్పండి, దానికి మరుసటిసారి ఎవరినీ శిక్షించను. ఎవరైనా చాలదు అంటే కూర్చోబెట్టి వింటాను." నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఫ్యూజు కిందికి చూస్తూ దగ్గాడు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాలుగు," అన్నారు. నాలుగు రాశాను. ఆయన ఆ అంకెని నమ్మలేనట్టు చూశారు. టేపు, "పది," అన్నాడు. పది. ఫ్యూజు ఐదన్నాడు, ఐదున్నర అని దిద్దుకున్నాడు. ఐదున్నర రాస్తే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆ గదిలో మంచి నవ్వు. ఇక పరవాలేదు, దారిలో పడ్డాం అనిపించింది.

ఆ పిల్ల వైపు తిరిగాను. థర్మామీటర్ అని పిలవలేదు. పరీక్ష అదే, గదులు అలాంటివే, ఇంకా రెండు తక్కువ. ఎన్ని రోజులో ఆ గదిలో అందరికీ తెలుసు.

"చెప్పమ్మా, నీకెన్ని?"

లేచి నిలబడింది. నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నలభై మేడమ్."

నవ్వు ఆగిపోయింది. టేపు నేల వైపు చూశాడు. ఇరవై చాలదా అని అడగబోయాను. ఆ మాట అడిగే ముఖం నాకు లేదు.

నలభై రాశాను. ఆ పిల్ల వచ్చి పక్కన సంతకం పెట్టి, మళ్లీ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.